నాలుగో తొట్టి జంట

"నాలుగో తొట్టి జంటను కలిపినవా అని సార్ మళ్లీ అడుగుతాండు బిడ్డా," అంది హలీమాబీ, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఇప్పుడే కలుపుతాన్న చిన్నమ్మా. ముహూర్తం దాటదని చెప్పు," అంది పద్మలత.

హలీమాబీ నవ్వలేదు. ఆ ల్యాబులో తొట్లు కడిగేదీ, చేపలకు మేత వేసేదీ ఆమే. ఏ మాటకైనా ముందు నవ్వే మనిషి, వారం నుంచి నవ్వడమే మానేసింది.

వారం కిందటే ల్యాబు వ్యాసం అచ్చయిన సైన్సు పత్రిక వచ్చింది. కొన్ని చేపపిల్లల గుండె ఎందుకు కొట్టుకోదో, ఏ జన్యువు చెడితే అలా పుడతాయో మూడేళ్లు మైక్రోస్కోపు మీద మెడ వంచి కనిపెట్టింది పరిశోధక విద్యార్థిని పద్మలత. వ్యాసం మీద మాత్రం గైడు రాజేశ్వర్ రావు పేరు, ఆయన మేనల్లుడు రాంప్రసాద్ పేరు ఉన్నాయి. ఆడచేపేదో మగచేపేదో కూడా తెలియని రాంప్రసాద్! ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది, చేపల మేత పంపినాయన పేరు కింద.

"సార్, నా పేరు?" అని అడిగితే, "కిందున్నది కదమ్మా. జర అద్దాలు మార్పించుకో," అన్నాడాయన. మేనల్లుడు కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు ఇప్పటికీ పద్మలత చెవిలో తిరుగుతూనే ఉంది. అన్నం ముందు కూర్చున్నా అదే, కాజీపేట బస్సెక్కినా అదే.

శుక్రవారం హైదరాబాద్ నుంచి నిపుణులు వస్తున్నారు. కొత్తగా పెట్టబోయే పరిశోధన కేంద్రానికి రాజేశ్వర్ రావును డైరెక్టరుగా వేయాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లే. వ్యాసంలో రాసింది కళ్లారా చూపించమన్నారు. చూపించాలంటే ఆ చెడిన జన్యువును మోస్తున్న చేపలు కావాలి. అవి నాలుగో తొట్టిలో ఉంటాయి. వాటిలో ఒక ఆడదాన్నీ మగదాన్నీ కలిపితే, పుట్టే పిల్లల్లో నాలుగింట ఒకదానికి గుండె కొట్టుకోదు. పక్కనే ఐదో తొట్టిలో మామూలు చేపలు. వాటి పిల్లలన్నీ నిక్షేపంగా పుడతాయి.

చూపులకు మాత్రం రెండు తొట్లవీ ఒకటే. చిటికెన వేలంత ఒళ్లు, అవే నీలి చారలు. తొట్టి మీది చీటీ చూడాల్సిందే. మొహం చూసి గుర్తుపట్టడానికి అవేమన్నా మేనబావలా?

పద్మలత వల తీసుకుంది. నాలుగో తొట్టి ముందు ఒక్క క్షణం ఆగింది. చెవిలో మళ్లీ కిసుక్కుమంది. వల తీసుకెళ్లి ఐదో తొట్టిలో ముంచింది.

ఆ జంటను చిన్న డబ్బాలో వేసి, మధ్యలో గాజుపలక నిలబెట్టి, డబ్బాకు "4" అని చీటీ అంటించింది. తెల్లారేదాకా అవి ఒకదాన్నొకటి చూసుకోవాలే తప్ప తాకడానికి లేదు. పొద్దున దీపాలు వెలగగానే పలక తీయాలి, పెళ్లిలో అడ్డుతెర తీసినట్టు. ఎన్నిసార్లు తీసినా పద్మలతకు అది ముచ్చటే. బుధవారం పొద్దున కూడా, కడుపులో అంత కసి పెట్టుకుని, ఆ తెర తీస్తూ ముసిముసిగా నవ్వుకుంది. పావుగంటలో డబ్బా అడుగున గుడ్లు, నానిన సగ్గుబియ్యంలా.

"షాదీ అయిందా బిడ్డా?"

"అయింది చిన్నమ్మా. శుక్రారం దావతు."

వారం తర్వాత మొదటిసారి హలీమాబీ నవ్వింది.

శుక్రవారం రాజేశ్వర్ రావు కొత్త కోటు తొడిగాడు. "మైక్రోస్కోపు కాడ రాంప్రసాద్ ఉంటడు. నువ్వు జర చాయ్ సంగతి చూడమ్మా," అన్నాడు.

"చూస్త సార్. అంతా మంచిగ చూస్త," అంది పద్మలత.

నిపుణుల పెద్ద శోభారాణి మేడం మైక్రోస్కోపు మీదికి వంగింది. కింద గాజుపళ్లెంలో ఇరవై నాలుగు పిల్లలు, రెండు రోజులవి, అద్దంలా లోపలంతా కనబడేవి. పద్మలత చాయ్ ట్రే పట్టుకుని రాజేశ్వర్ రావు మొహాన్నే చూస్తోంది. ఆ మొహం పాలిపోవడం ఒక్క రవ్వ కూడా వదలకుండా చూడాలి.

"రాజేశ్వర్ రావు గారూ," అంది మేడం తలెత్తకుండానే.

పద్మలత ట్రేతోనే ఒక అడుగు ముందుకేసింది.

"అద్భుతమండీ! ఇరవై నాలుగింటిలో సరిగ్గా ఆరు. తోక ఆడిస్తున్నాయి, గుండె మాత్రం కదలట్లేదు. ఈ కేంద్రానికి మీరు తప్ప ఇంకెవరు?"

చప్పట్లు మోగాయి. అన్నిటికన్నా గట్టిగా రాంప్రసాద్‌వి. ట్రేలో చాయ్ ఒలికి పద్మలత చేతి మీద పడింది. కాలినట్టు కూడా తెలియలేదామెకు.

తొట్ల గదిలోకి పోయి చూస్తే, గోడకు ఆనుకుని హలీమాబీ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నువ్వెందుకు ఏడుస్తాన్నవ్ చిన్నమ్మా? ఏడవాల్సింది నేను," అంది పద్మలత పక్కన కూలబడుతూ. "నలుగుర్ల వాని ఇజ్జత్ పోవాలని నాలుగో తొట్టి ముట్టనే లేదు. ఐదో దాంట్లకెల్లి తీసిన. అయినా వాడే గెలిచిండు. ఎట్లయిందో సమజైతలేదు."

హలీమాబీ ఏడుపు టక్కున ఆగింది.

"ఐదో దాంట్లకెల్లా?"

"అవును."

హలీమాబీ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"వాని ఇజ్జత్ పోవాలనే, సోమారం కడిగేటప్పుడు ఆ రెండు తొట్ల చాపలను నేనే తారుమారు చేసిన బిడ్డా!"