పదకొండో పేజీ

మా ఊళ్ళో ఇల్లు అమ్మాలన్నా, కారు చేతులు మారాలన్నా కాగితం మీద నా ముద్ర పడాల్సిందే. నలభై ఏళ్ళుగా సంతకాలకు సాక్షిని. చివరి అక్షరం దాకా చదవకుండా ముద్ర కొట్టిన పాపాన పోలేదు.

ఒహాయో నదికి ఇవతలి ఒడ్డు మాది. అవతలి కాలేజీ జట్టు రంగు పసుపు. అందుకని ఆటల రోజుల్లో మా ఊళ్ళో ఎవడూ గుడ్డులో పచ్చసొన కూడా ముట్టడు.

టేవియన్ మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో కుర్రాడు. వాన మొదలయ్యాక బయల్దేరి, తడవకుండా ఇల్లు చేరేవాడు. అంత పరుగు.

అతని పేరూ మొహమూ ప్రకటనల్లో వాడుకుంటామని ఒక ట్రక్కుల కంపెనీ లక్షా ఎనభై వేల డాలర్లు ఇస్తామంది. కాగితాలు ముందు రోజే పంపింది. శనివారం పదింటికి డోరీన్ హోటల్లో సంతకం.

తొమ్మిదిన్నరకే హోటలు నిండిపోయింది. డోరీన్ గోడ మీది పలక తుడిచి, 'టేవియన్ దొంతర: ఎనిమిది పాన్‌కేకులు' అని రాసింది. ఎనిమిది అతని చొక్కా మీది అంకె.

అప్పుడు పసుపు వానకోటు మనిషొకడు లోపలికొచ్చి, తిన్నగా టేవియన్ బల్ల దగ్గర నిలబడ్డాడు.

"నా పేరు మెర్ల్ హాస్కిన్. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను. సంతకం పెట్టే ముందు పదకొండో పేజీ ఒక్కసారి చదువు బాబూ."

"అవతలి ఒడ్డువాళ్ళు పంపారా?" అంది డోరీన్.

"ఎవరూ పంపలేదమ్మా."

"కోటే చెబుతోందిగా."

హోటలంతా నవ్వింది.

"ఆ పేజీలో ఏముందండీ?" టేవియన్ అడిగాడు.

"నీకు దెబ్బ తగిలితే..."

అంతే. యాభై మందీ వేళ్ళు ముడిచి బల్లలు కొట్టడం మొదలుపెట్టారు. ఆటగాడి ముందు దెబ్బ మాట ఎత్తితే అపశకునం పోవడానికి మేం చేసే పని అది. ఆ చప్పుడులో ఆయన పెదాలు కదలడమే కనిపించింది.

టేవియన్ నా వైపు తిరిగాడు.

"వెర్నన్ తాతా, నువ్వు చదివావుగా?"

"చివరి అక్షరం దాకా."

హాస్కిన్ గడియారం చూసుకున్నాడు. కాగితపు రుమాలు మీద 'పదకొండు' అని రాసి, టేవియన్ పళ్ళెం కింద పెట్టాడు.

"కాఫీ తాగి పోవయ్యా, పసుపు కప్పులో పోయిస్తా," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆయన వెళ్ళిపోయాడు. ఆ రుమాలుతో డోరీన్ బల్ల మీది పాకం తుడిచింది.

పదింటికి కంపెనీ మనిషి వచ్చాడు. జరిగిన తమాషా నేనే చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పేరేమన్నాడు?"

"మెర్ల్ హాస్కిన్."

రాసుకున్నాడు.

టేవియన్ సంతకం పెట్టాడు. నేను ముద్ర కొట్టాను. ఆ డబ్బుతో అతను వాళ్ళమ్మ ఒడెట్‌కు ఇల్లు కొన్నాడు.

అక్టోబరులో టేవియన్ మోకాలు వాచింది. ఒక ఆట మానేశాడు. మర్నాడే కంపెనీ నుంచి ఫోను.

"వరసగా రెండో ఆట కూడా ఆడకపోతే, కారణం ఏదైనా సరే, ఇచ్చిందంతా వెనక్కి కట్టాలి. పదకొండో పేజీ చూసుకోండి."

డబ్బు ఇల్లయి కూర్చుంది. టేవియన్ మోకాలికి సూదిమందు పొడిపించుకుని దిగాడు. మూడో పరుగులో పడ్డాడు. మళ్ళీ లేచింది చంకకర్రల మీదే.

ఇక పరుగు మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. కంపెనీ డబ్బు వెనక్కి కట్టడంలో ఇల్లు కూడా పోయింది. డోరీన్ పలక తుడిచేసింది.

ఒడెట్ ఆ కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"చివరి అక్షరం దాకా చదివానన్నావుగా వెర్నన్. ఇప్పుడు చదువు."

చదివాను. అదే మొదటిసారి. ఆ శనివారం కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాను. నిజం చెప్పాలంటే నలభై ఏళ్ళుగా మరిచిపోతూనే ఉన్నాను.

పదకొండో పేజీ దాటి చివరి పేజీకొచ్చాను. అడుగున చీమల్లాంటి అక్షరాలు.

'ఈ పత్రం రాసినది: మెర్ల్ హాస్కిన్, కంపెనీ వకీలు.'

ఫోను చేస్తే, ఆయన్ని ఆ శనివారం సాయంత్రమే పనిలోంచి తీసేశామన్నారు.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, ఆ పసుపు రంగు. ఆయన కోటు బూడిద రంగుది. ఆయన మాట వినకపోవడానికి మాకు ఆపాటి సాకు కూడా లేదు.