ఎండా చలీ పడని గుండె

సేఫ్టీ మీటింగు సగంలో ఉండగానే దేవన్న గుండె పట్టుకున్నాడు.

"ఎండ బాగా ముదిరితే రక్తమంతా చర్మం వైపు పరుగెడుతుందండీ. దాన్ని తోయలేక హార్ట్ మీద లోడ్ పడుతుంది. చలిలో ఇంకో ప్రాబ్లమ్, రక్తనాళాలు బిగుసుకుంటాయి. రెండూ డేంజరే," అని చెబుతున్నాడు ఉదయకిరణ్. రాజమండ్రి మనిషి, కంపెనీ సేఫ్టీ ఆఫీసరు. నీళ్ళెలా తాగాలో చెప్పబోయేసరికి వెనక వరసలో దేవన్న మెల్లగా పక్కకు ఒరిగిపోయాడు.

క్లినిక్‌లో పరీక్ష చేసి, గుండె కాస్త బలహీనంగానే ఉందన్నారు. మందులు వాడుతూ ఎండకూ చలికీ జాగ్రత్తగా ఉండమన్నారు. ఆ మాటకే దేవన్న సగం చచ్చిపోయాడు.

గల్ఫ్‌లోని ఆ సులై లేబర్ క్యాంపులో గదికి నలుగురు. దేవన్న, నాగేందర్, మొండయ్య ముగ్గురిదీ జగిత్యాల వైపే. నాలుగోవాడు ఆసిఫ్, ముల్తాన్ నుంచి వచ్చాడు. శుక్రవారం సెలవు, ఆ రోజు వంట దేవన్నది. దేవన్నకు ఏమీ కానివ్వకూడదని మిగతా ముగ్గురూ ఆ సాయంత్రమే తీర్మానించుకున్నారు.

బస్సు దిగిన దగ్గర్నుంచి గది దాకా ఆసిఫ్ గొడుగు పట్టేవాడు. ఎండలోంచి ఒక్కసారిగా ఏసీలోకి వెళ్తే ప్రమాదమని మొండయ్య అతన్ని గుమ్మంలో నిలబెట్టేవాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కాసేపయ్యాక కాళ్ళు మార్పించేవాడు. మంచాన్ని ఏసీ గాలి తగలని మూలకు జరిపారు. అక్కడ ఉక్కపోస్తోందంటే తడి తువ్వాలు కప్పారు. దాంతో వణుకొస్తోందంటే తువ్వాలు మీద కంబళి కప్పారు. గోదాము పైకప్పుకు రేకులు మోసే పని మొత్తం నాగేందరే నెత్తికెత్తుకున్నాడు.

చలికాలం వచ్చింది. ఒక మంకీ క్యాపు మీద ఇంకో మంకీ క్యాపు తొడిగారు. ఆసిఫ్ అతని సాక్సులు రోజూ ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి ఇచ్చేవాడు. వీడియో కాల్లో దేవన్న పెళ్ళాం దేవవ్వ మొగుణ్ణి గుర్తుపట్టలేక ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే గుర్తుపట్టి, తోడబుట్టినవాళ్ళు కూడా ఇంత చేయరని కళ్ళు తుడుచుకుంది.

ఒక్కటి మాత్రం దేవన్నకు అంతుపట్టలేదు. టీ తాగేటప్పుడల్లా ముగ్గురూ చుట్టూ చేరి, మనసులో ఏమైనా ఉంటే చెప్పేయమని అడిగేవాళ్ళు. చివరి కోరికలు కాబోలనుకుని అతను గొంతు సవరించుకునేవాడు. తన శవాన్ని హైదరాబాద్ విమానంలోనే పంపమన్నాడు. నీలం చొక్కా మొండయ్యకన్నాడు. ఇంకా ఇంకా అడిగితే, పెళ్ళికి ముందు కోరుట్లలో ఒకామెను ప్రేమించానని కూడా చెప్పేశాడు.

"గది గాదే అన్నా," అన్నాడు నాగేందర్ ఓపిగ్గా. "ఇంకేమన్న దాస్తున్నవేమో యాది చేసుకో."

"ఇంకేమున్నదిరా నాతాన? ఉన్నదంత చెప్పిన."

ముగ్గురూ మొహమొహాలు చూసుకునేవాళ్ళు. ఒకడు నిట్టూర్చి, మళ్ళీ అతని కాళ్ళు పట్టడం మొదలుపెట్టేవాడు.

జనవరిలో ఒక పొద్దున క్యాంపులో గీజరు పాడైంది. తెలియక ఒక చెంబెడు చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాడు దేవన్న. ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి లాగేసింది. ఆంబులెన్సులో ముగ్గురూ ఎక్కారు. ఆసుపత్రిలో ఒక్కరినే లోపలికి రానిస్తామంటే ముగ్గురూ కొట్టుకున్నంత పని చేశారు. చివరికి నాగేందర్ గెలిచాడు.

చిన్న స్టెంట్ వేస్తే సరిపోతుందనీ, రేపటికి లేచి తిరుగుతాడనీ డాక్టరు అరబ్బీలో చెప్పాడు. ఏడుపు గోలలో ఆ మాట ఇద్దరి చెవికీ ఎక్కలేదు.

స్ట్రెచర్ మీద దేవన్న కళ్ళు ధారలు కట్టాయి. అతను నాగేందర్ చెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ జన్మంటూ ఉంటే మీ ముగ్గురికీ తమ్ముడిగా పుట్టి రుణం తీర్చుకుంటానన్నాడు. నర్సులు బండి తోశారు. లోపలి తలుపులు తెరుచుకున్నాయి. నాగేందర్ వెక్కుతూ బండి వెంట పరుగెత్తి, ఆఖరి క్షణంలో అతని చెవి మీదికి వంగాడు.

"అన్నా, శుక్కురారం మటన్ల ఆఖరికి మాకు వీపు తిప్పి ఏం పొడి ఏస్తవో, గదొక్కటి చెప్పిపో."