అట్టలో బెజ్జం

చీరలో ఏ పువ్వు పడాలో బెజ్జాలతో చెప్పే మగ్గం డిజైన్ అట్టలో తప్పుగా పడిన బెజ్జానికి కుళ్లాయప్ప కాగితం అతికిస్తున్నాడు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకుని అప్పుడే వచ్చిన కూతురు సువర్ణ పక్కన కూర్చుంది.

"డాక్టరమ్మ ఏమనింది పాపా?"

"నెలనెలా నాకీ సూదులెందుకని అడిగినా. మన ఒంట్లో గూడా ఇట్లాంటి అట్టలుంటాయంట నాయనా. అట్ట జాగా ఇడిసి కదలదు. ఒళ్లు దాన్ని చూసి నకలు రాసుకోని, ఆ నకలు ప్రకారం రక్తం తయారుచేస్తాదంట. నా అట్టలోనే తప్పుండాది."

"ఆ నకలు దిద్దితే సరిపోదా?"

"అది కొంచేపుండి చెరిగిపోతాది. మళ్లా రాస్తే మళ్లా అదే తప్పు."

"ఆ అట్ట నీకు యాడ నుంచి వచ్చింది?"

సువర్ణ కాగితం అతికిన బెజ్జం మీద వేలు పెట్టింది.

"నీదొకటి, అమ్మదొకటి. ఒకటి బాగున్నా చాలంట, నాకొచ్చిన రెండింట్లోనూ ఒకే చోట బెజ్జం. ఇద్దరూ ఒకే ఇంటోళ్లు గదా నాయనా."

భార్య భారతి అతని సొంత అక్క కూతురే. పట్టుబట్టి చేసుకున్నాడు. కుళ్లాయప్ప వేలిమీద ఎండిపోతున్న గోందును పంచెకు తుడుచుకున్నాడు.

"మీయమ్మ ఎప్పట్లా బయటే కూచోనుంటాది, ఆమెకు ఈ మాట చెప్పొద్దు పాపా," అన్నాడు.

"డాక్టరమ్మ చెప్పేటప్పుడు అమ్మ నా పక్కనే ఉన్నింది నాయనా. వస్తా బస్సులో ఇదే మాటనింది, నీకు చెప్పొద్దని."