మూడో జత

"పది లెక్కపెట్టుకుని ఒకసారి ఊదు నాన్నా. మళ్ళీ పది, మళ్ళీ ఒకసారి. నేనొచ్చి చాలనేదాకా ఆపకు. సరేనా?"

మంచం మీద దిండ్లకి ఒరిగి కూర్చున్న తండ్రి ఎడమచేత్తో మెడలోని ఈలను పెదవుల దగ్గరికి తెచ్చుకుని రెండుసార్లు ఊదాడు. రెండు ఈలలంటే పోనిమ్మని. ముప్ఫై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా రెండూ పడిపోయాక ఆయనకి మిగిలిన భాష ఆ ఈల ఒక్కటే. నీళ్ళకీ ఈలే, దుప్పటికీ ఈలే. కోపం వస్తే మాత్రం కాస్త పొడుగ్గా ఊదుతాడు.

కూతురు తలుపు దగ్గరగా వేసి పక్కగదిలో బల్ల ముందు కూర్చుంది. చవక వస్తువుల్ని వాడి చూసి ఒక వెబ్‌సైట్‌కి సమీక్షలు రాయడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టే తండ్రిని చూసుకోగలుగుతోంది. ఇది పోతే బయట పని వెతుక్కోవాలి, ఆయన్ని ఏ ఆశ్రమానికో అప్పజెప్పాలి. పోయిన నెల రెండు సమీక్షలు ఆలస్యమయ్యాయి. ఈసారి సాయంత్రం నాలుగింటికల్లా పంపకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ఎడిటర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

బల్ల మీద మూడు జతల ఇయర్‌బడ్స్ ఉన్నాయి. మూడూ చవకవే. మూడు డబ్బాల మీదా నాయిస్ క్యాన్సిలేషన్ అని పెద్దక్షరాలతో ఉంది. ఇలాంటివి ఫ్యాను హోరుని మింగేస్తాయి గానీ, పదునైన శబ్దం దగ్గర చేతులెత్తేస్తాయని ఆమెకి అనుభవమే. అందుకే పొద్దున ఈల సంగతి తట్టింది. అడగ్గానే తండ్రి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి మళ్ళీ డ్యూటీ పడింది మరి.

మొదటి జత తెల్లది. పెట్టుకోగానే ఫ్యాను మాయమైంది. ఈల మాత్రం గోడ దాటి, తలుపు దాటి, తిన్నగా చెవిలోకొచ్చింది. తీసి విన్నది, పెట్టుకుని విన్నది. పెద్ద తేడా లేదు. పిండికొద్దీ రొట్టె అనుకుని రెండు స్టార్లిచ్చింది.

లేచి వెళ్ళి చూస్తే తండ్రి నుదురంతా చెమట.

"ఆయాసంగా ఉందా నాన్నా? పోనీ ఆపేద్దామా?"

పొడుగు ఈల ఊదాడు.

"అబ్బో, కోపం. సరే, డ్యూటీ నీదే. ఇంకో రెండు జతలే."

నుదురు తుడిచి, గుక్కెడు నీళ్ళు పట్టి వచ్చింది. ఆయన్ని ఇలా శ్రమపెట్టడం ఆమెకి బాధగానే ఉంది. కానీ ఆ కళ్ళలో హుషారు చూసి ఎన్నాళ్ళయిందో.

రెండోది నీలం జత. ఈల కొంచెం మెత్తబడిందంతే. అంతలో ఎడిటర్ ఫోన్ చేశాడు. ఇయర్‌బడ్స్‌తోనే మాట్లాడింది.

"ఎంతవరకొచ్చింది మేడమ్?"

"ఇంకొక్కటుంది సార్. నాలుగింటికి మీ దగ్గరుంటుంది."

"వెనక ఆ ఈలేంటండీ? ఆటలాడిస్తున్నారా?"

"మా నాన్నగారు సార్. పరీక్షకి సాయం చేస్తున్నారు."

"పాపం పెద్దాయన్ని కూడా పనిలో పెట్టారా," అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

మూడున్నర దాటింది. మూడో జత నల్లది, అన్నిట్లోకీ చవకది. పెట్టుకుని రాయడానికి కూర్చుంది. మొదట్లో ఒక ఈల వచ్చింది, ఎక్కడో వీధి చివర ఊదినట్టు సన్నగా. ఆ తర్వాత పది లెక్కపెట్టింది. ఏమీ లేదు. ఇంకో పది. ఏమీ లేదు. మామూలుగా అయితే మధ్యలో తీసి పోల్చి చూస్తుంది. ఇవాళ అంత తీరిక లేదు. గడియారం తరుముతోంది.

ఎడిటర్ మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఈసారి ఈల వినబడట్లేదే?"

"నాకూ వినబడట్లేదు సార్. నేనే నమ్మలేకపోతున్నాను."

"అయితే మైకు కూడా బాగుందన్నమాట. అది కూడా రాయండి."

రాసింది. వేళ్ళు పరుగులు తీశాయి. "ఈ ధరకి ఇంత నిశ్శబ్దం ఎక్కడా దొరకదు. మూసిన తలుపు అవతల ఎంత గట్టిగా ఈల ఊదినా చెవిదాకా రాదు. కళ్ళు మూసుకుని కొనొచ్చు." నాలుగున్నర స్టార్లిచ్చింది. నాలుగుకి మూడు నిమిషాలుందనగా పంపింది.

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. "చాలా బాగుంది. వచ్చే నెల నుంచి వారానికొకటి మీకే."

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఇక తండ్రిని ఎక్కడికీ పంపనక్కర్లేదు. ఈ మాట ముందు ఆయనకే చెప్పాలి. చాలనేదాకా ఆపే రకం కాదాయన. పాపం, ఇంకా ఊదుతూనే ఉండి ఉంటాడు. గబగబా లేచి, తలుపు మీద చెయ్యి వేసి, చెవుల్లోంచి రెండూ తీసేసింది.

ఫ్యాను హోరు ఒక్కటే తిరిగొచ్చింది.