పదకొండు నిమిషాలు

"ఈ డొక్కు కంప్యూటరే నా కొంప ముంచింది!" పొద్దున కొన్న షేర్లు సాయంత్రంలోగా అమ్ముకునే ఒకాయన కంప్యూటర్ రిపేరు షాపు కౌంటర్ మీద గుద్దాడు. "నిన్న ధర పడిపోతుంటే అమ్ముదామంటే బిగుసుకుపోయింది. మిగిలిన డబ్బంతా పెట్టి వేగమైనది కొంటాను."

మెకానిక్ దాన్ని ఆన్ చేసి, అందులో నిన్నటి పనుల చిట్టా తిరగేశాడు.

"ఇది బిగుసుకోలేదన్నా. 'అమ్మేయమంటారా?' అని అడిగి, పదకొండు నిమిషాలు మీ జవాబు కోసం కాచుకుంది."

"అబద్ధం! నా వేలు మౌస్ మీదే ఉంది."

"ఉంది," అంది పక్కనే ఉన్న భార్య. "పెరుగుతుంది, ఇంకాస్త ఆగితే పెరుగుతుందని గొణుక్కుంటూ కూర్చున్నారు. పిలిస్తే నన్నే కసిరారు."

ఆయన కౌంటర్ మీంచి పిడికిలి తీసేశాడు.

"ఇంతకీ కొత్తది ఏది చూపించమంటారు?" అన్నాడు మెకానిక్.

"దీన్నే ఇచ్చెయ్ తమ్ముడూ," అన్నాడాయన గొంతు తగ్గించి. "దీనికేం జబ్బు లేదు."