కౌండిన్య కోపం గ్రాఫు

పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాట పాడమనడం ఇప్పుడు అనాగరికం. అబ్బాయి కోపాన్ని గ్రాఫుగా గోడ మీద వేసి, అందరూ పకోడీలు తింటూ చూడడమే నాగరికత. పుట్టగానే మణికట్టులో పెట్టే బిళ్ల ఆ కోపాన్ని క్షణక్షణం కొలుస్తూనే ఉంటుంది.

కాకినాడలో ప్రసూన వాళ్లింటి గోడ మీద, పెళ్లికొడుకు కౌండిన్య కోపం ఇస్త్రీ చేసిన పంచె అంచులా తిన్నగా సాగిపోతోంది.

"మావాడికి కోపమంటే ఏంటో తెలీదు వదినగారూ," అంది అతని తల్లి, గొట్టం కాజా అందుకుంటూ.

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో గీసిన గ్రాఫులు తేడా చేస్తే సరిచేయడమే ప్రసూన ఉద్యోగం. ఆమె చూపు గీతను వదిలేసి పక్కనున్న అంకెల మీద పడింది.

"మనిషి కోపం వంద దాటదు కదండీ. స్కేలు లక్ష దాకా ఎందుకు పెట్టారు?"

"మా ఇంట్లో ఏదైనా ధారాళంగానే పెడతామమ్మా," అన్నాడు కౌండిన్య తండ్రి.

ప్రసూన ఆ గోడకు కలిపిన తన ఫోన్లో, కోడులో ఒక్క లైను మార్చి స్కేలును వందకు దించింది. గోడ నిండా తూర్పు కనుమలు లేచాయి. పకోడీలు నోటి దగ్గరే ఆగిపోయాయి.

"నా గ్రాఫు ముట్టుకోమని నీకెవరు చెప్పారు!" కౌండిన్య టీపాయ్ మీద గుద్దాడు. గోడ మీది గీత సర్రున లేచి, వంద దాటి, గ్రాఫు పైఅంచులోంచి బయటికి పోయింది.

ప్రసూన ఎంతో వినయంగా స్కేలును మళ్లీ లక్షకు పెట్టేసింది.

"తప్పు నాదేనండీ," అంది అతని తల్లితో. "మీవాడికి వంద చాలదు. మీరు పెట్టిందే సరైన కొలత."