తొమ్మిదో పేజీ

ముసలాయన చెయ్యి చాచి, డారిన్ చేతిలో ఉన్న పుస్తకం అడిగాడు.

డారిన్ ఇవ్వలేదు.

నిజానికి అది పుస్తకం కూడా కాదు. పన్నెండు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. ఇంట్లో కాచిన బీరును సీసాలకు బదులు కెగ్గు అనే స్టీలు పీపాలో ఎలా నింపాలో మొదటిసారి చేసేవాళ్ల కోసం ఎవరో రాసింది. షెబాయ్‌గన్‌లో ఇంటి బీరు సామాను అమ్మే ఆ దుకాణంలో కౌంటరు పక్కన దొంతరగా పెట్టి ఉంటాయి. ఎవరైనా తీసుకోవచ్చు. రాసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

డారిన్ ఆ శనివారం దాన్నే నమ్ముకుని వచ్చాడు.

మూడు వారాల్లో చెల్లెలు మార్లా పెళ్లి. చర్చి హాల్లో విందుకు తన చేత్తో చేసిన బీరే పోస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. తండ్రి లేని పిల్లకు అన్నగా తన కానుక అది. బీరు బాగానే కాచాడు. కెగ్గులో నింపడమే ఎన్నడూ చేయలేదు.

తెలియదని పైకి చెప్పుకోవడం అతనికి నామోషీ.

అందుకే దుకాణం నడిపే జోలీన్ ధాన్యం మర పట్టడానికి లోపలి గదిలోకి వెళ్లేవరకూ ఆగి, ఒక్కడే సామాను ఏరుకున్నాడు. గ్యాస్ సిలిండరు, దాని మీటరు, రెండు గొట్టాలు, ఒక కుళాయి. కెగ్గుల దగ్గరకు వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. కొత్తదా, పాతదా? పాతవి ఒకప్పుడు ఘాటైన తీపి సోడా నింపినవి. సొట్టలున్నాయి గానీ గట్టివి.

అతను పాతదాన్ని ఎత్తాడు.

అప్పుడే ముసలాయన మాట కలిపాడు. మోచేతుల దగ్గర చిరిగిన కోటు, వణికే వేళ్లు, చెవి మీద పెన్ను. మూత తీసి వాసన చూడమన్నాడు. డారిన్ చూశాడు. నొప్పులకు రాసుకునే మందులా ఘాటుగా, తియ్యగా ఉంది. అది స్టీలుకు పట్టిన వాసన కాదనీ, మూత చుట్టూ, గొట్టాలు తగిలించే చోటా ఉన్న రబ్బరు రింగులు పీల్చుకున్న వాసన అనీ, ఐదు రింగులూ మార్చాల్సిందేననీ చెప్పాడు ముసలాయన.

డారిన్ తొమ్మిదో పేజీ తెరిచి, గట్టిగా చదివాడు. వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే పాత వాసన పోతుందని ఉంది.

"అది తప్పు బాబూ. ఈమధ్యే తెలిసింది. ఇలా ఇవ్వు, దిద్ది ఇస్తాను."

వరసలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. తనకేమీ తెలియదని వాళ్లందరికీ తెలిసిపోయినట్టు డారిన్‌కు చెవులు వేడెక్కాయి.

"ఇది రాసినాయన కంటే నీకు ఎక్కువ తెలుసా, పెద్దాయనా?"

ముసలాయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"లేదు. ఆయనకు తెలిసినంతే."

"అయితే ఇంట్లో కూర్చోరాదూ? వచ్చేపోయే వాళ్ల ప్రాణం తీయడం దేనికి?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలాయన గోడకు వేలాడుతున్న రింగుల పొట్లం ఒకటి తీసి, డారిన్ సామాను మీద మెల్లగా పెట్టాడు. డారిన్ అందరూ చూసేలా దాన్ని తీసి, మళ్లీ గోడకే తగిలించాడు.

ముసలాయన పెన్ను చెవి మీద సర్దుకుని బయటకు నడిచాడు. తలుపు తెరవడానికి ఆయనకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

డారిన్ ఇంటికి వెళ్లి వేడినీళ్లతో రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కడిగాడు.

పెళ్లినాడు కుళాయి తిప్పగానే బంగారు రంగు బీరు, పైన తెల్లటి నురగ. డారిన్ ఛాతీ పొంగింది. మొదటి గ్లాసు నార్బర్ట్ మామయ్యకు ఇచ్చాడు.

మామయ్య ఒక గుక్క తాగి, గ్లాసును ముక్కు దగ్గరకు తీసుకున్నాడు.

"ఒరేయ్ డారిన్, ఇది తాగేదా, మోకాలికి రాసుకునేదా?"

హాలంతా నవ్వింది. కాసేపటికి కిటికీ గట్ల మీద నిండు గ్లాసులు బారులు తీరాయి. అతని ముఖం చూడకుండా ఉండటానికి జనం గోడల వైపు చూస్తున్నారు.

మార్లా తెల్లగౌను ఎత్తి పట్టుకుని వచ్చింది. ఒక గ్లాసు తీసుకుని, చివరి చుక్క దాకా తాగింది.

"బాగుంది అన్నయ్యా," అంది.

మామయ్య మాటను డారిన్ తట్టుకున్నాడు గానీ, చెల్లెలి ఆ మాటను తట్టుకోలేకపోయాడు.

సోమవారం దుకాణం తెరవకముందే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జోలీన్ వచ్చాక అంతా చెప్పాడు. నవ్వించడం కోసం తానన్న మాట చెప్పాడు. పొట్లం తీసి మళ్లీ గోడకు తగిలించిన సంగతి కూడా దాచలేదు. ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో చెబితే వెళ్లి క్షమాపణ అడుగుతానన్నాడు.

జోలీన్ తాళాలు కౌంటరు మీద పెట్టింది.

"ఇక్కడ లేడు. చూపు దాదాపు పోయింది. పోయిన వారమే కూతురొచ్చి అరిజోనా తీసుకెళ్లిపోయింది."



వెళ్లేముందు ఆయన నాలుగు రోజులు ఈ కౌంటరు దగ్గరే కూర్చున్నాడని చెప్పింది జోలీన్. భూతద్దం పెట్టుకుని, దొంతరలోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా దిద్దాడట. ఒక్కటి మాత్రం తన చేతికి రాకుండా బయటకు పోయిందనీ, ఆ అబ్బాయి బీరు ఏమైపోతుందోననీ రోజూ అనేవాడట.

ఆమె దొంతరలోంచి ఒక పుస్తకం తీసి అతని ముందుంచింది.

డారిన్ తొమ్మిదో పేజీ తిప్పాడు.

వేడినీళ్ల వాక్యం కొట్టేసి ఉంది. దాని పక్కన, గీత తప్పిన వణుకు అక్షరాల్లో, ఇలా ఉంది: "ఐదు రింగులూ మార్చండి, ఇది రాసినప్పుడు నాకు తెలియదు, నన్ను మన్నించండి."